గోరంత కాయితం మీద అమృత

నంద్యాల,
8 జూలై 2024.

కమలాక్షమ్మ గారికి,

నంద్యాల నుంచి భావన నమస్కారాలు. మీ అల్లుడు హరీశ్‌ను ఈ ఫిబ్రవరిలో పెళ్లి చేసుకున్నది నేనే. మిమ్మల్ని ఏమని పిలవాలో మా అత్తను అడిగితే "అమ్మా అను. వరస అదే గదా" అంది. వరస ఉన్నా, మీరు ఒప్పుకోకుండా ఆ మాట వాడటం నాకు ఇష్టం లేదు. అందుకే పేరు పెట్టి రాస్తున్నాను, ఏమీ అనుకోవద్దు.

ఫోన్లు చేసి చేసి విసుగొచ్చి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఎన్నిసార్లు చేసినా మోగి ఆగిపోతుంది, మీరు ఎత్తరు. నా మీద కోపమనుకుంటాను. కోపం ఉన్నవాళ్ళు కూడా ఉత్తరం చింపే ముందు ఒకసారి చదువుతారని నా నమ్మకం.

నాకు అమృతక్క ఫొటో ఒకటి కావాలి. మన వైపు ఆచారం మీకు తెలియంది కాదు. మొదటి భార్య పోయాక వచ్చిన దాని మెడలో, తాళిబొట్టు పక్కన ఆమె పేరున సవతి బిళ్ళ కడతారు. నాకూ కట్టారు. కాకపోతే నగలు చేసే మా ఆచారి దాన్ని తెరిచి మూసేలా చేశాడు. తెరిస్తే లోపల ఏమీ లేదు. అందులో అక్క ముఖం పెట్టాలని నా పట్టుదల.

ఇంట్లో దండ వేసిన ఫొటో ఉంది గానీ అది ఆధార్ కార్డులోది పెద్దది చేయించారు. ఆధార్ ఫొటోలో ఎవరు బాగుంటారు చెప్పండి? అక్క ఎవరినో కొట్టబోతున్నట్టు ఉంది. ఈయన పాత ఫోన్‌ను మీ మనవరాలు శ్రీజ నీళ్ళ తొట్టిలో వేసిందట, అందులోవి పోయాయి. పెళ్లి తీసిన స్టూడియో మూతపడింది. ఆల్బం మీ దగ్గర ఉందన్నారు. అక్క నవ్వుతున్న ఫొటో ఒకటి పంపండి, మళ్ళీ భద్రంగా పంపిస్తాను.

ప్రింటు సంగతి నాకు వదిలేయండి. ఇంట్లోనే నాకు ఇంకు పోసే ప్రింటరు ఉంది. వీధిలో వాళ్ళందరికీ పాస్‌పోర్టు ఫొటోలు నేనే తీసిస్తాను. బిళ్ళ లోపలి కొలత నా చిటికెన వేలి గోరంత. ప్రింటర్ల అంగడి ప్రభాకర్ అన్నను అడిగితే నవ్వాడు. "ఫోర్ బై సిక్స్ కంటే చిన్న కాయితం ఇది పట్టుకోదు పాపా. లోపల ఇరుక్కుంటే నన్ను మాత్రం పిలవాకు" అన్నాడు. పిలవను. నేను చాగలమర్రి పిల్లను, అనుకున్నది చేస్తాను.

శ్రీజ బాగుంది. ఈ ఏడాది యూకేజీ. మీ ఇంట్లో పెద్దాయనకు నా నమస్కారాలు చెప్పండి.

ఇట్లు,
భావన.


ఆళ్ళగడ్డ,
13 జూలై.

భావనకు,

నీ ఉత్తరం అంగట్లో ఉండగా అందింది. చింపలేదు. బెల్లం తూచి ఇచ్చి, చెయ్యి కడుక్కుని చదివాను.

సవతి బిళ్ళ ఎందుకు కడతారో నాకు తెలియదనుకున్నావా? పోయినది దయ్యమై వచ్చి కొత్తగా వచ్చినదాన్ని పీడిస్తుందని కడతారు. నా కూతురు బతికుండగా పీడించింది నన్ను ఒక్కదాన్నే, అది కూడా దోసె మీద ఎర్రకారం ఇంకొంచెం పూయమని. జ్వరమని పడుకుని వారం తిరక్కుండా పోయింది. పోతూ పోతూ కూడా ఎవరినీ ఏమీ అడగలేదు. అట్లాంటి పిల్ల పోయి మూడేళ్ళు అవుతుంటే, ఇప్పుడొచ్చి నీ గొంతు పట్టుకుంటుందా? భయపడి కట్టుకున్న దాంట్లో నా బిడ్డ ముఖం పెడతానంటే ఎట్లా ఇస్తాననుకున్నావు?

పైగా గోరంత అంటావు. అమృత నీకు తెలియదు. గడప దాటితే తల వంచాల్సిన ఎత్తు. దాన్ని గోరంత చేస్తావా?

ఫొటో పంపను. ఆల్బం బీరువాలో ఉంది, బీరువా తాళం నా నడుముకు ఉంది.

పోయిన సోమవారం మహానంది పోయి వచ్చాము. కోనేట్లో నీళ్ళు ఎప్పటిలాగే తేటగా ఉన్నాయి. శ్రీజ పేరున అర్చన చేయించాను. దానికి ముక్కు కారుతుంటే వాము వేయించి గుడ్డలో కట్టి వాసన చూపించు, ఊరికే మందులు పోయకు.

కమలాక్షమ్మ,
అమృత అమ్మను.


నంద్యాల,
19 జూలై.

కమలాక్షమ్మ గారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ముందు కోపం వచ్చింది, తర్వాత నవ్వు వచ్చింది, చివరికి దోసె మీద ఎర్రకారం దగ్గర ఏడుపు వచ్చింది. నాకూ అంతే పూయాలి.

భయపడి కట్టుకున్నానన్నారు. ఆచారం భయంతోనే పుట్టి ఉండొచ్చు. మా అత్త కట్టమంది, కట్టుకున్నాను. నేను దయ్యాలను నమ్మను, రాత్రి ఒంటరిగా పెరట్లోకి పోతాను. ఫొటో ఎందుకు అడిగానో మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది. మీ మనసు నొప్పిస్తుందేమోనని రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

పోయిన నెల శ్రీజ నా ఒళ్ళో కూర్చుని మెడలో బిళ్ళ పట్టుకుంది. "ఇదేంది?" అని అడిగింది. "మీ అమ్మ" అన్నాను. అప్పటికి నోటికి వచ్చింది అదే. అది గోరుతో గీకి గీకి తెరిచింది. లోపలికి చూసి, బోర్లించి దులిపి, "అమ్మ యాడుంది? ఈడ లేదే" అంది. ఏమని చెప్పాలి నేను? దండ వేసిన ఫొటో చూపిస్తే "ఆమె కాదు, ఆమె తిడతాది" అంటుంది. దానికి రెండేళ్ళప్పుడు పోయిన తల్లి. దానికి గుర్తు లేదు కమలాక్షమ్మ గారూ. గుర్తు పెట్టాల్సింది మనమే. ఇప్పుడు పెట్టకపోతే ఆ ఆధార్ ముఖమే దానికి తల్లిగా మిగిలిపోతుంది.

మీరు ఫొటో పంపుతారనే ధీమాతో ప్రయత్నాలు మొదలుపెట్టాను. ముందు గోరంత ముక్కను నేరుగా ప్రింటర్లో పెట్టాను. మింగేసింది. కనుబొమ్మలు పీకే పట్టకారుతో గంటసేపు కెలికి బయటికి లాగాను. ప్రభాకర్ అన్నను పిలవలేదు! ఆయన మళ్ళీ కనబడి "పెద్ద షీటు మీద తీసి కత్తిరించు పాపా, ఇంత అవస్థ ఎందుకు?" అన్నాడు. గోరంత ముఖానికి మంచి ఫొటో షీటు పాడు చేస్తానా? పాస్‌పోర్టు ఫొటోలు కోయగా మిగిలిన అంచులు డబ్బా నిండా ఉన్నాయి.

కాబట్టి ఇట్లా చేశాను. మామూలు తెల్ల కాయితం మీద ఒకసారి ప్రింటు తీశాను. ముఖం ఎక్కడ పడిందో సరిగ్గా అక్కడే ఫొటో కాయితం ముక్కను సెల్లో టేపు ప్లాస్టరుతో అతికించాను. అదే కాయితాన్ని మళ్ళీ లోపలికి పంపాను. పెద్ద కాయితం వీపున ఎక్కి చిన్న ముక్క పోయి వచ్చింది. మొదటిసారి కంప్యూటర్లో 'కాయితానికి సరిపెట్టు' అన్నచోట టిక్కు తీయడం మరిచిపోయాను. ముఖం కాయితమంతా పరుచుకుని, ముక్క మీద నా ముక్కు ఒకటే పడింది. టిక్కు తీశాక కుదిరింది. అక్క ఫొటో లేదు కాబట్టి నా ముఖంతోనే పరీక్ష చేశాను. ఆ ముక్కలు ఇందులో పెట్టాను. గోరంత కాయితంలో మనిషి ఎంత బాగా కూర్చుంటుందో మీరే చూడండి.

వాము మూట పనిచేసింది. ఈసారైనా ఫోన్ ఎత్తండి.

భావన.


ఆళ్ళగడ్డ,
27 జూలై.

భావనకు,

కవరు తెరవగానే నీ ముఖాలు బొలబొలా నా ఒళ్ళో పడ్డాయి. ఉత్తరం ఇంకా చదవలేదు. నాకు ఒళ్ళు మండింది. కూతురి ఫొటో ఇవ్వనంటే తన ఫొటోలు పంపుతుందా, ఇంత పొగరా అనుకున్నాను. "ఎవురు ఈ పిల్ల? తెలివిగా ఉండాదే" అన్నాడు మా ఇంటాయన వెనక నుంచి. కసురుకున్నాను. తర్వాత ఉత్తరం చదివి, అంగడి మెట్టు మీద చానాసేపు ఊరికే కూర్చున్నాను. బేరాలు ఆయనే చూసుకున్నాడు.

బిళ్ళ బోర్లించి దులిపింది అన్నావే, అది నాకు గుండెల్లో దిగింది.

షీటు పాడు చేయకుండా అంచు ముక్క మీద తీశానన్నావు. ఆ మాట నాకు నచ్చింది. అంగడి ఇంట్లో పుట్టిన పిల్ల అట్లాగే ఉండాలి. అమృత అట్లా కాదు, దానికి చెయ్యి పెద్దది. అడిగిన వాళ్ళకల్లా కొసరు వేసేది.

బీరువా తీశాను. నువ్వు అడిగింది ఇందులో పెట్టాను. తలంబ్రాలప్పుడు నవ్విన ముఖం. నీకు చిన్నది కావాలన్నావు గదా, నీ పని తగ్గించాను. జాగ్రత్త.

ఫోన్ సంగతి అడగొద్దు.

కమలాక్షమ్మ.


నంద్యాల,
2 ఆగస్టు.

కమలాక్షమ్మ గారికి,

అక్క వచ్చింది. ఏమి నవ్వు అది! కళ్ళు మూసుకుపోయేంత నవ్వు. చూసి నేనూ నవ్వాను. కవర్లోంచి తీసిన వెంటనే స్కాను చేసి పెట్టుకున్నాను.

కానీ మీరు పంపింది ఫొటో కాదు, ఫొటోలోంచి గుండ్రంగా కత్తిరించిన ముఖం. రాత్రి ఈయన అన్నానికి కూర్చుంటూ చూశాడు. చూడగానే గుర్తుపట్టాడు. "ఇది మా ఇద్దురిదీ భావనా. తలంబ్రాలు నా కంట్లో పడితే అది నవ్వింది. పక్కన నేనుండాల. అత్త నన్ను కోసేసింది" అన్నాడు. "మళ్ళీ పెండ్లి చేసుకున్న్యా గదా, ఇంక నాకు అమృత పక్కన చోటు లేదని చెప్తాంది" అని కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఆ పూట ఇంట్లో ఎవరూ తినలేదు.

మీరు పెద్దవాళ్ళు. మీకు పోయినంత మాకెవరికీ పోలేదు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఒక మాట చెప్పక తప్పదు. ఆయన మీద కోపముంటే ఆయనకే చెప్పండి, నా మీద ఉంటే నాకు రాయండి. పెళ్లి ఫొటోను కత్తెరతో విడదీసి పంపడం బాగాలేదు. నేను ఆ ఇద్దరినీ విడదీయడానికి ఈ ఇంటికి రాలేదు. అక్కను మెడలో పెట్టుకుని తిరుగుతానని అడుగుతున్నదాన్ని.

ఫోన్ ఎత్తితే ఒక్క మాటలో తేలిపోయేది. ఎత్తరు!

భావన.


ఆళ్ళగడ్డ,
7 ఆగస్టు.

భావనకు,

మీ మొగుడూ పెండ్లాలకు ఇద్దరికీ కలిపి ఒక మొట్టికాయ.

నువ్వు గోరంత ఫొటో తీస్తానన్నావు. అంత చిన్నది తీయాలంటే మిషనుకు చిన్నదే ఇవ్వాలి కాబోలు అనుకున్నాను. పెద్ద ఫొటో పెడితే, నీ ముక్కు పడినట్టు దాని ముక్కు పడుతుందేమోనని భయపడ్డాను. నీ ఉత్తరం చదివే గదా ఆ భయం పుట్టింది! అందుకని ముఖం మీద రూపాయి బిళ్ళ పెట్టి, చుట్టూ పెన్సిలుతో గీసి, పొట్లాలు కోసే కత్తెరతో కత్తిరించాను. ఎంత జాగ్రత్తగా కోశానో నాకే తెలుసు. ఊపిరి బిగబట్టుకుని కోశాను. హరీశ్‌ను తీసేయాలని నాకు కలలో కూడా లేదు.

హరీశ్ ఇక్కడే ఉన్నాడు, నా ఆల్బంలో, కళ్ళు నులుముకుంటూ. పక్కన రూపాయంత బొక్క పడింది. కోసిన తర్వాత చూసుకున్నాను ఆ బొక్కను. అప్పటి నుంచి ఆల్బం తెరవలేదు. ఆ ముక్క వెంటనే పంపించు, దాని చోట దాన్ని పెట్టుకుంటాను.

వాడితో ఈ మాట చెప్పు. మళ్ళీ పెళ్లి చేసుకోమని మొదట చెప్పింది నేను. "పాపకు ఒక ఒడి కావాల నాయనా, చేసుకో" అని నా నోటితో నేనే చెప్పాను. చెప్పినంత తేలిక కాదు ఓర్చుకోవడం. పెళ్లికి రాలేకపోయాను. అంతే తప్ప వాడి మీద కోపం ఎప్పుడూ లేదు. వాడు నా కొడుకు లెక్క.

ఇంక ఫోన్. అడగొద్దన్నా ఊరుకోవు కాబట్టి రాస్తున్నాను. నువ్వు ఏ నంబరు నుంచి చేస్తున్నావో అది అమృతది. ఇంట్లో దాని బొత్తాల ఫోన్ ఉంది, బడి వాళ్ళకూ గ్యాసు వాళ్ళకూ అదే నంబరు ఇచ్చి ఉన్నారు, నువ్వు వాడుకుంటున్నావు. తప్పేమీ లేదు. కానీ నువ్వు చేసినప్పుడల్లా నా ఫోన్లో "అమృత" అని పేరు పడుతుంది. మొదటిసారి పడినప్పుడు నేను ఎట్లా అయిపోయానో రాయలేను. ఎత్తితే వేరే గొంతు వస్తుంది. ఎత్తకపోతే, మోగినంతసేపూ నా బిడ్డే చేస్తున్నట్టు ఉంటుంది. అందుకే ఎత్తను. ఇందులో నీ మీద కోపం లేదు.

ముక్క పంపు. మరిచిపోవద్దు.

కమలాక్షమ్మ.


నంద్యాల,
12 ఆగస్టు.

కమలాక్షమ్మ గారికి,

మీ ఉత్తరం ఈయనకు చదివి వినిపించాను. "కొడుకు లెక్క" అన్నచోట లేచి పెరట్లోకి పోయాడు. తిరిగి వచ్చి ఆకలేస్తుందన్నాడు. నా తొందరపాటు మాటలకు మీ మొట్టికాయ పెట్టించుకోవడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఫోన్ సంగతి నాకు నిజంగా తెలియదు. తెలిసి ఉంటే అన్నిసార్లు మోగించేదాన్ని కాదు. ఇకమీదట ఆ నంబరు నుంచి చేయను. కొత్త నంబరు తీసుకుంటాను.

ఇంక ముక్క. అసలు ముక్క పంపలేను. నన్ను తిట్టే ముందు ఎందుకో వినండి. మీకు పోయిన ఉత్తరం పోస్టు చేయబోతూ ముక్కను బల్ల మీద పెట్టి అటు తిరిగేసరికి శ్రీజ తీసుకుంది. "ఎవురీమె, ఇంతగా నవ్వుతాంది?" అంది. "మీ అమ్మ" అన్నాను. ఈసారి బోర్లించి దులపలేదు. చాలాసేపు చూసి, "నవ్వుతాది గదా! నువ్వు ముందే చెప్పల్యా?" అని నా మీదే కోప్పడింది. అప్పటి నుంచి దాన్ని వదల్లేదు. బడికి తీసుకుపోతుంది, పెన్సిళ్ళ డబ్బాలో పెట్టుకుని. నిద్రపోయేటప్పుడు గుప్పిట్లో పెట్టుకుంటుంది. మీ ఉత్తరం వచ్చాక, "అవ్వకు పంపియ్యాల, ఇయ్యి తల్లీ" అని బతిమాలాను. "ఇయ్యను. అవ్వకు వేరేది తీసియ్యి, నీకు మిషనుంది గదా" అంది. దాని చేతిలోంచి లాక్కోవడం నా వల్ల కాదు. మీ వల్లా కాదు.

అందుకని అది చెప్పినట్టే చేశాను. రూపాయి బిళ్ళ పెట్టి కోశానన్నారు గదా, నేనూ రూపాయి బిళ్ళే పెట్టి కొలిచాను. ముక్క ఉన్నంత కొలతకే, వెంట్రుకవాసి ఎక్కువా తక్కువా లేకుండా ప్రింటు తీశాను. అంచుల డబ్బాలో అంత వెడల్పుది ఒకే ఒక ముక్క ఉంది. అది పాడైతే షీటు కోయాల్సి వచ్చేది, మీరు ఒప్పుకునేవాళ్ళు కాదు! పాడు కాలేదు. ఆల్బంలో బొక్క వెనక ప్లాస్టరు వేసి, ముందు నుంచి ఇది కూర్చోబెట్టండి. సరిగ్గా సరిపోతుంది. సరిపోకపోతే నా ప్రింటరును ఏట్లో వేసేస్తాను.

బిళ్ళలోది రెండోసారికి కుదిరింది. మొదటిది చక్కగా పెట్టుకున్నాను గానీ, శుక్రవారం తాళికి పసుపు పూసి స్నానం చేస్తే లోపలికి నీళ్ళు పోయి ఇంకు కరిగింది. తెరిచి చూస్తే అక్క లేదు, పసుపు మరక ఉంది. ఆ రోజు నేను నీళ్ళగదిలోనే ఏడ్చాను. చేసిన పని పోయినందుకు కాదు, శ్రీజ తెరిచి చూస్తే ఏమైపోతుందోనని. అది బడి నుంచి వచ్చేలోపు మళ్ళీ తీశాను. ఈసారి ముందూ వెనకా ప్లాస్టరు వేసి, అంచు కొంచెం వదిలి కోశాను. బకెట్లో ముంచి మరీ చూశాను. చెక్కుచెదరలేదు. అక్క ఇప్పుడు నా మెడలో నవ్వుతోంది.

ఈ శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. అక్కను మెడలో పెట్టుకుని పీట మీద కూర్చుంటాను. మీరు అక్కడ నుంచే ఒక మాట అనుకోండి.

భావన.


ఆళ్ళగడ్డ,
17 ఆగస్టు.

మా భావనకు,

నిన్న పూజయ్యాక ఆల్బం తీశాను. ఇంటాయన వెనక ప్లాస్టరు పట్టుకున్నాడు, నేను ముందు నుంచి పెట్టాను. సరిగ్గా కూర్చుంది. నీ ప్రింటరు బతికిపోయింది. దగ్గరగా చూస్తే చుట్టూ సన్నటి గీత కనిపిస్తుంది. పాతదాని కంటే ఇది కొంచెం తళతళమంటోంది కూడా. ఉండనీ. హరీశ్ కళ్ళు నులుముకుంటూనే ఉన్నాడు, అది నవ్వుతూనే ఉంది. చాలాసేపు ఏడ్చాను. మంచి ఏడుపే.

అసలుది శ్రీజ దగ్గరే ఉండనీ. పోగొట్టుకున్నా తిట్టవద్దు. మళ్ళీ తీసివ్వు, నీకు మిషనుంది గదా.

నీ పరీక్ష ముక్కలు నేను పారేశాననుకున్నావేమో. ఫొటో కాయితం పారేసే ఇల్లు కాదు ఇది. వాటిలో ఒకటి అంగట్లో లక్ష్మీదేవి పటం అద్దం మూలన, అమృత ఫొటో పక్కన పెట్టాను. మొన్న మా వీధి ఎస్తేరు టీచరు చింతపండుకు వచ్చి చూసింది. "ఎవురమ్మా ఈమె?" అంది. "మా చిన్నమ్మాయి. నంద్యాలలో ఇచ్చినాం" అన్నాను. చింతపండు తూస్తూ అన్నాను, తూకం తప్పలేదు.

వచ్చే ఆదివారం పిల్లను తీసుకుని ముగ్గురూ రండి. దోసెలు పోస్తాను. ఎర్రకారం ఎంత కావాలో నువ్వే చెప్పు.

కొత్త నంబరు తీసుకోవద్దు. ఫోన్లో పేరు మారుస్తానని ఇంటాయన అన్నాడు, అదీ వద్దన్నాను. ఆ పేరు అట్లాగే ఉండనీ. ఉత్తరం అందగానే ఆ నంబరు నుంచే చెయ్యి. తెర మీద అమృత అని పడుతుంది. ఎత్తుతాను. నువ్వు అమ్మా అను.

మీ అమ్మ,
కమలాక్షమ్మ.